రక్తనాళ కణాలపై బాక్టీరియా ప్రభావాన్ని పరీక్షించడం ఎలా: బార్టొనెల్లా హెన్సెలేతో ఒక ప్రయోగ మార్గదర్శి

బాక్టీరియా సోకితే రక్తనాళాలు దెబ్బతింటాయన్నది మనకు బాగా పరిచయమైన సంగతి. స్క్రబ్ టైఫస్‌నే తీసుకుంటే, వానలు వెనకబట్టాక ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ జ్వరాల వార్డులకు వచ్చే ఈ రోగుల్లో ఒరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా, నాళాల లోపలి పొరగా ఉండే ఎండోథీలియల్ కణాల్లోకి చేరుతుంది. ఆ పొర వదులై, ప్లాస్మా ఊటలా బయటికి కారి, ఊపిరితిత్తుల్లో నీరు చేరేదాకా పరిస్థితి వెళ్లవచ్చు. దీనికి ఎదురుదారిలో నడిచే బాక్టీరియా కూడా ఉంది. బార్టొనెల్లా ప్రజాతిలోని కొన్ని జాతులు అవే కణాల్లోకి చేరి, వాటిని చంపకుండా బతికించి, కొత్త నాళాలు మొలిచేటట్లు చేస్తాయి.

పెరూలోని ఆండీస్ లోయల్లో ఇసుక ఈగ కుట్టడం వల్ల సోకే బార్టొనెల్లా బాసిల్లిఫార్మిస్ మొదట తీవ్రమైన జ్వరాన్ని, రక్తహీనతను కలిగిస్తుంది. కొన్ని వారాలకో నెలలకో చర్మం మీద రక్తనాళాలతో నిండిన ఎర్రని బుడిపెలు లేస్తాయి. 1885 ఆగస్టు 27న లిమాలో డానియెల్ అల్సీడెస్ కారియన్ అనే వైద్య విద్యార్థి ఒక రోగి బుడిపెలోని ద్రవాన్ని తన చేతికి ఎక్కించుకున్నాడు. బుడిపెలకు బదులు జ్వరం వచ్చి అదే ఏడాది అక్టోబరు 5న మరణించాడు. ఆ రెండు రూపాలూ ఒకే జబ్బువని ఆ మరణంతో తేలింది. దాదాపు వందేళ్ల తర్వాత, 1983లో, ఎయిడ్స్ రోగి చర్మంపై కనబడిన ఇటువంటి నాళపు గడ్డలను తొలిసారిగా వర్ణించారు. 1990లో ఆ కణజాలం నుంచి తీసిన జన్యు క్రమం ద్వారా ఒక బాక్టీరియా జాడ దొరికింది. 1992లో దానికి హెన్సెలే అన్న జాతి నామం పెట్టారు; ఈ మార్గదర్శిలోని బార్టొనెల్లా హెన్సెలే అదే. పిల్లి గోళ్ల గీత వల్ల వచ్చే జ్వరానికి, బిళ్ల కట్టడానికి కూడా కారణం ఇదే. ఈ గడ్డలు ఎరిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులకు కరిగిపోతాయి. అంటే నాళాల పెరుగుదల నిలబడాలంటే బాక్టీరియా సజీవంగా ఉండాలి. క్యాన్సర్ గడ్డలో ఇలా జరగదు. బార్టొనెల్లాను పరిశోధనకు ఇంత విలువైన నమూనాగా చేసింది ఈ లక్షణమే.

ఎండోథీలియల్ కణాలపై బాక్టీరియా ప్రయోగాన్ని మొదటిసారి చేపట్టే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం ఈ మార్గదర్శి. ఇందులో నేను నొక్కి చెప్పదలచినది ఒక్కటే. ‘ఈ బాక్టీరియా వల్ల నాళాలు పెరిగాయి’ అన్న వాక్యం లోపల నాలుగు వేర్వేరు వాదనలు ఉన్నాయి: కణాలు చావకుండా నిలిచాయి, కణాలు విభజన చెందాయి, కణాలు కదిలి వెళ్లాయి, కణాలు గొట్టాలుగా అమరాయి. ఒక్క పరీక్ష చేసి నాలుగూ రుజువయ్యాయనుకోవడం చాలా థీసిస్‌లలో కనబడే లోపం. ఒక్కొక్క వాదనకు దాని సొంత పరీక్ష, దాని సొంత కంట్రోల్ (పోలిక కోసం పెట్టే నమూనా) ఉండాలి.

అనుమతులు

బార్టొనెల్లా హెన్సెలే రెండో స్థాయి జీవభద్రత ప్రయోగశాలలో పని చేయవలసిన సూక్ష్మజీవి. సంస్థలోని జీవభద్రత కమిటీ ఆమోదం, బొడ్డుతాడు సేకరణకు ఎథిక్స్ కమిటీ ఆమోదం, తల్లి రాతపూర్వక సమ్మతి పని మొదలుపెట్టకముందే చేతిలో ఉండాలి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవారు ఈ బాక్టీరియాతో పని చేయకూడదు. గుండె కవాట సమస్య ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే ఇది కవాటాలకు సోకి ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొర వాపు) తేగలదు.

కణాలు

ప్రయోగశాలల్లో అందరూ హూవెక్ అని పిలిచేవి బొడ్డుతాడు సిర నుంచి తీసిన ఎండోథీలియల్ కణాలు. బొడ్డుతాడును అడ్డంగా కోస్తే మూడు నాళాలు కనిపిస్తాయి. గట్టి గోడలతో ముడుచుకుని ఉన్న రెండూ ధమనులు, వెడల్పుగా పలచని గోడతో తెరుచుకుని ఉన్నది సిర. సిర లోపల రక్తాన్ని బఫర్‌తో పూర్తిగా కడిగి, కణాలను ఊడదీసే ఎంజైమ్ అయిన కొల్లాజినేజ్‌ను 0.1 శాతం గాఢతతో నింపి, రెండు చివరలా బిగించి, 37 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. అంతకు మించితే కింది పొరలోని కండర కణాలు కూడా ఊడి వస్తాయి. వచ్చిన కణాలను జెలటిన్ పూసిన ఫ్లాస్క్‌లో, 20 శాతం సీరం, ఎండోథీలియల్ పెరుగుదల సప్లిమెంట్, హెపారిన్ కలిపిన ఎం199 మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవం) వేసి, మర్నాడు మీడియం మార్చి ఎర్ర కణాలను తొలగించాలి. ఫ్లాస్క్ నిండేసరికి కణాలు నాపరాళ్లు పరిచినట్టు ఒకదానికొకటి ఒరుసుకుని ఒకే పొరగా కనబడాలి. మధ్యలో సన్నగా పొడుగ్గా, సుడులు తిరిగి పరచుకున్న కణాలు కనిపిస్తే అవి కండర కణాలో ఫైబ్రోబ్లాస్టులో అయి ఉంటాయి. ఆ ఫ్లాస్క్‌ను వాడవద్దు. సీడీ31, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ రంగు పరీక్షలతో ఎండోథీలియల్ స్వభావాన్ని ధ్రువపరచుకుని, రెండో పాసేజ్ నుంచి ఐదో పాసేజ్ లోపు (కొత్త ఫ్లాస్క్‌కు మార్చిన ప్రతిసారీ ఒక పాసేజ్) కణాలనే ప్రయోగానికి తీసుకోవాలి.

ఈఏ.హెచ్‌వై926 వంటి అమర కణశ్రేణులతో సౌకర్యం ఎక్కువ. బాక్టీరియా అతుక్కుంటుందా, లోపలికి వెళ్తుందా అన్న ప్రశ్నలకు అవి పనికొస్తాయి. ఎప్పుడూ ఆగకుండా విభజన చెందే కణాల్లో విభజన పెరిగిందని చెప్పడంలో అర్థం లేదు గనుక, ఆ వాదనకు మాత్రం ప్రాథమిక కణాలే కావాలి.

కణాలకు సంబంధించి మరో మూడు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన మీడియంను సోకించే ముందు రోజే తీసేసి, కణాలను కడిగి, యాంటీబయాటిక్ లేని మీడియంలోకి మార్చాలి. రెండోది, మైకోప్లాస్మా పరీక్ష. మైకోప్లాస్మా కూడా బాక్టీరియానే. తెలియకుండా ఒక బాక్టీరియా సోకి ఉన్న కణాలకు మరో బాక్టీరియాను సోకించి వచ్చిన ఫలితానికి విలువ లేదు. మూడోది, మీడియంలోని సప్లిమెంట్లు. పెరుగుదల కారకాలతో నిండిన మీడియంలో కణాలు ముందే గరిష్ఠ వేగంతో పెరుగుతుంటాయి కాబట్టి బాక్టీరియా చేసే పని అక్కడ కనిపించదు. సోకించడానికి కొన్ని గంటల ముందు సీరంను 2 శాతానికి తగ్గించి, సప్లిమెంట్‌ను ఆపాలి.

బాక్టీరియా

ఇది నిదానంగా పెరిగే బాక్టీరియా. 5 శాతం గొర్రె రక్తం కలిపిన అగార్ మీద, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో, తేమ ఆరిపోకుండా, 37 డిగ్రీల దగ్గర ఉంచితే ప్రయోగశాలకు అలవాటుపడిన స్ట్రెయిన్లు సుమారు వారంలోపు కాలనీలు కడతాయి. రోగి నమూనా నుంచి నేరుగా వేరుచేసేటప్పుడు కొన్ని వారాలు పట్టవచ్చు. కొత్తగా వేరుచేసిన కాలనీలు గరుకుగా, అగార్‌లోకి దిగబడి, లూపుతో గీరినా తేలికగా రాకుండా ఉంటాయి. ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే అవే నునుపుగా, మెత్తగా తయారవుతాయి. ఈ మార్పును చిన్న విషయంగా తీసుకోకూడదు. బాడ్-ఏ అనే పొడవాటి ఉపరితల ప్రోటీన్ ఉంటేనే బాక్టీరియా ఎండోథీలియల్ కణానికి, దాని చుట్టూ ఉన్న ఫైబ్రోనెక్టిన్, కొల్లాజెన్‌లకు గట్టిగా అంటుకుంటుంది; పదే పదే పెంచడంలో ఈ ప్రోటీన్ తయారీ ఆగిపోగలదు. ఒకే స్ట్రెయిన్ పేరుతో రెండు ప్రయోగశాలలు పరస్పర విరుద్ధమైన ఫలితాలు ప్రకటించడానికి ఇది ఒక కారణం. తక్కువ పాసేజ్‌లోనే 20 శాతం గ్లిజరాల్‌లో చిన్న చిన్న వయల్స్‌గా మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచి, ప్రతి ప్రయోగానికీ కొత్త వయల్ తెరవడం ఒక్కటే దీనికి మందు.

సోకించే మోతాదును ఎంఓఐ అంటారు, అంటే ఒక్కో కణానికి ఎన్ని బాక్టీరియాలు అని. 24 గుంటల ప్లేటులో గుంటకు 50 వేల కణాలున్నాయనుకుందాం. ఎంఓఐ 100 కావాలంటే గుంటకు 50 లక్షల బాక్టీరియాలు పడాలి. మిల్లీలీటరుకు 10 కోట్లున్న ద్రావణమైతే 50 మైక్రోలీటర్లు సరిపోతాయి. ఈ బాక్టీరియా గుత్తులుగా కట్టుకుంటుంది కాబట్టి స్పెక్ట్రోఫోటోమీటర్ అంకెను మాత్రమే నమ్మకుండా, అదే ద్రావణాన్ని పలచన చేసి ప్లేట్ల మీద పరిచి, కాలనీలు లెక్కపెట్టి, అసలు వేసిన మోతాదు ఎంతో తర్వాతైనా నమోదు చేయాలి. వేసిన వెంటనే ప్లేటును 300 జీ వేగంతో 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేస్తే అన్ని గుంటల్లోనూ బాక్టీరియా ఒకేసారి కణాలను తాకుతుంది.

10, 50, 100, 200 ఎంఓఐలను పక్కపక్కన తప్పకుండా పెట్టాలి. ఈ బాక్టీరియా దగ్గర విర్‌బీ-విర్‌డీ4 అనే నాలుగో రకం స్రావక వ్యవస్థ ఉంది. దాని ద్వారా బెప్ ప్రోటీన్లను నేరుగా మన కణంలోకి దింపుతుంది. బాక్టీరియా సంఖ్య బాగా పెరిగితే ఇదే వ్యవస్థ కణ విభజనను ఆపుతుంది. ఒక్క ఎంఓఐతో చేసి ‘పెరుగుదల లేదు’ అని రాసిన విద్యార్థి, నిజానికి మోతాదు పెరిగేకొద్దీ ఫలితం ఎలా మారుతుందో చూపే వక్రరేఖలో దిగే భాగాన్ని చూసి ఉండవచ్చు.

లోపలికి వెళ్లిందా లేదా

జెంటామైసిన్ బయట ఉన్న బాక్టీరియాను చంపుతుంది, కణం లోపలికి పెద్దగా ప్రవేశించదు. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల చొప్పున 2 గంటలు ఉంచి, కడిగి, కణాలను పగలగొట్టి, వచ్చినదాన్ని అగార్ మీద పరిస్తే లోపలి బాక్టీరియా సంఖ్య తెలుస్తుంది. కణాలు లేని గుంటలో అదే మోతాదు జెంటామైసిన్ బాక్టీరియాలన్నిటినీ చంపిందని పక్కనే చూపించాలి. గుత్తుల మధ్య దాక్కున్నవి బతికితే లెక్క తప్పుతుంది.

అవకాశం ఉంటే ఈ దశలో ఆక్టిన్ తంతువులను చూపే ఫాలాయిడిన్ రంగు వేసి కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని కింద ఒకసారి చూడమని చెబుతాను. తొలి గంటల్లో బాక్టీరియాలు కణం ముందుకు చాచే పలచని అంచు మీద విడివిడిగా అంటుకుని ఉంటాయి. కణం వాటిని మెల్లగా వెనక్కి, కేంద్రకం వైపు జరుపుతుంది. అక్కడ వందల బాక్టీరియాలు ఒక ముద్దగా చేరతాయి. సుమారు 24 గంటలకు ఆ ముద్ద చుట్టూ ఆక్టిన్ తంతువులు ఉంగరంలా బిగుసుకుని, మొత్తం ముద్దను ఒకేసారి లోపలికి లాగేస్తాయి. దీన్నే ఇన్వేజోమ్ అంటారు. ఒక్కొక్కటిగా లోపలికి వెళ్లే దారి కూడా ఉంది. ఈ చిత్రాన్ని స్వయంగా చూసినవారికి సోకించిన 2 గంటలకే ప్రయోగం ఆపకూడదని వేరే చెప్పనవసరం లేదు.

నాలుగు పరీక్షలు

బతుకు. సీరం పూర్తిగా తీసేస్తే హూవెక్‌లు అపోప్టోసిస్‌తో (కణం తనను తానే చంపుకునే ప్రక్రియ) చనిపోవడం మొదలవుతుంది. సోకినవి, సోకనివి రెండింటినీ ఈ స్థితిలో ఉంచి, ఆ చావును గుర్తించే అనెక్సిన్-వి, కాస్పేజ్-3 కొలవాలి. బెప్ ప్రోటీన్లలో బెప్-ఏ కణంలోని సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు స్థాయిని పెంచి చావును అడ్డుకుంటుంది. ఈ పరీక్షలో వచ్చిన తేడాను ‘కణాలు పెరిగాయి’ అని రాయకూడదు. చావవలసినవి చావలేదు, అంతే. స్రావక వ్యవస్థ లేని మ్యూటెంట్‌ను (జన్యు మార్పు ఉన్న బాక్టీరియా) పక్కన పెడితే ఆ రక్షణ ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది.

విభజన. ఎంటీటీ (బతికున్న కణాలు రంగు మార్చే పరీక్ష) వాడవద్దు. బతికున్న బాక్టీరియా కూడా ఆ రంగును ఊదాగా మార్చగలదు కాబట్టి, బాక్టీరియా ఎక్కువున్న గుంటలో కణాలు ఎక్కువున్నట్టు అబద్ధపు అంకె వస్తుంది. వరుసగా నాలుగు రోజులు కణాలను నేరుగా లెక్కపెట్టడం, దానితోపాటు ఈడీయూ అనే గుర్తు రసాయనంతో కొత్త డీఎన్ఏ తయారవుతున్న కేంద్రకాలను గుర్తించడం సరైన దారి. బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని 0.2 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి, ఆ ద్రవాన్ని మాత్రమే కణాలకు ఇచ్చే గుంటలు కూడా పెట్టాలి. బార్టొనెల్లా విడుదల చేసే బాఫ్-ఏ అనే ప్రోటీన్, మన శరీరంలో నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ పట్టుకునే రెండో రకం గ్రాహకాన్నే పట్టుకుని కణాలను విభజింపజేస్తుందని 2020లో ప్రచురితమైంది. ఒక బాక్టీరియా మన పెరుగుదల సంకేతాన్ని తానే అందించగలదన్న ఈ సంగతి నాకు ఈ రంగం మొత్తంలోనే అత్యంత ఆశ్చర్యకరంగా అనిపిస్తుంది. వీఈజీఎఫ్ గ్రాహకాన్ని నిరోధించే మందు వేసినప్పుడు ఫిల్టర్ ద్రవపు ప్రభావం పోతే, ఆ గ్రాహకం మీదుగానే పని జరిగిందని చెప్పవచ్చు.

ఇక్కడే వీఈజీఎఫ్‌ను ఎలైజాతో (ద్రవంలోని ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) కొలవడం గురించి చెప్పాలి. ఎండోథీలియల్ కణాలు వీఈజీఎఫ్‌ను ముఖ్యంగా అందుకునేవి. ఎక్కువగా తయారు చేసేవి చుట్టుపక్కల ఉండే మాక్రోఫేజ్‌లు, ఎపిథీలియల్ కణాల వంటివి. హూవెక్ గుంటలో వీఈజీఎఫ్ పెరగలేదని నిరాశపడకుండా, టీహెచ్‌పీ-1 అనే కణశ్రేణి మాక్రోఫేజ్‌లకు బాక్టీరియా సోకించి, ఆ ద్రవాన్ని ఫిల్టర్ చేసి హూవెక్‌లకు ఇచ్చి చూడాలి. సోకిన కణాల్లో హిఫ్-1 అనే ప్రోటీన్ స్థిరపడి వీఈజీఎఫ్ జన్యువును మేల్కొలుపుతుంది, ఈ ప్రక్రియలో బాడ్-ఏ పాత్ర కూడా ఉంది. అయితే హిఫ్-1 మామూలుగా ఆక్సిజన్ తగ్గినప్పుడు స్థిరపడే ప్రోటీన్. లక్షల బాక్టీరియాలు గుంటలో శ్వాసిస్తూ ఆక్సిజన్‌ను లాగేస్తే, ఏ ప్రత్యేక ప్రోటీన్ లేకున్నా హిఫ్-1 పెరుగుతుంది. అందువల్ల వేడితో చంపిన బాక్టీరియా, బాడ్-ఏ లేని మ్యూటెంట్ రెండూ కంట్రోల్‌గా ఉండాలి. మీడియం లోతును అన్ని గుంటల్లో ఒకేలా ఉంచాలి, ఎందుకంటే లోతు పెరిగేకొద్దీ కింద ఉన్న కణాలకు ఆక్సిజన్ అందడం తగ్గుతుంది.

కదలిక. నిండిన పొర మీద పిపెట్ మొనతో ఒక గీత గీసి, ఆ ఖాళీ ఎంత వేగంగా పూడుతుందో 16 గంటల పాటు ఫొటోలు తీయాలి. విభజన వల్ల కూడా ఖాళీ పూడుతుంది కనుక ముందుగా మైటోమైసిన్-సితో విభజనను ఆపకపోతే ఈ పరీక్ష దేన్నీ వేరుచేసి చూపదు.

గొట్టాలు. విద్యార్థులు ఎక్కువగా ఇష్టపడేది, ఎక్కువగా పొరపడేది మాట్రిజెల్ పరీక్షలోనే. ఎలుక కణితి నుంచి తీసిన ఈ జెల్‌ను రాత్రంతా 4 డిగ్రీల దగ్గర, మంచు మీద కరగనివ్వాలి. పిపెట్ మొనలు, ప్లేటు కూడా ముందే చల్లబరచి ఉంచాలి. గది వేడికే అది గడ్డకడుతుంది. పెరుగుదల కారకాలు తగ్గించిన రకాన్నే కొని, 96 గుంటల ప్లేటులో గుంటకు 50 మైక్రోలీటర్లు బుడగ లేకుండా వేసి, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచితే గడ్డకడుతుంది. ఒక రోజు ముందే బాక్టీరియా సోకించిన కణాలను ఊడదీసి, ట్రిపాన్ బ్లూతో బతికున్నవాటిని లెక్కించి, గుంటకు 10 వేల నుంచి 15 వేలు వేయాలి. 4 నుంచి 6 గంటల మధ్య ఫొటోలు తీసి, కొమ్మలు కలిసే బిందువుల సంఖ్యను, గొట్టాల మొత్తం పొడవును ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌తో కొలవాలి. 24 గంటలు దాటితే గొట్టాలు వాటంతటవే విడిపోతాయి.

ఇంత త్వరగా పూర్తయ్యే పరీక్షలో కణ విభజనకు తావు లేదు. హూవెక్‌లు ఏ ప్రేరణా లేకుండానే మాట్రిజెల్ మీద చక్కని వల కడతాయి, ఫైబ్రోబ్లాస్టులు కూడా కొంతవరకు అలాగే చేస్తాయి. సోకని గుంటలోనే వల నిండుగా ఉంటే సోకిన గుంటలో పెరుగుదల చూపడానికి చోటుండదు. కణాల సంఖ్య, సీరం శాతం తగ్గిస్తూ, సోకని గుంటలో అరకొర వల మాత్రమే వచ్చే స్థితిని ముందుగా వెతికి పట్టుకోవాలి. ఈ కారణాల వల్ల నేను స్ఫెరాయిడ్ పరీక్షకు ఎక్కువ విలువ ఇస్తాను. కొన్ని వందల కణాలను మిథైల్ సెల్యులోజ్ చుక్కలో వేలాడదీసి ఉండగా చేసి, కొల్లాజెన్ జెల్‌లో ఉంచితే, 24 గంటల్లో ఆ ఉండ నుంచి మొలకలు బయటికి వస్తాయి. నాళం మొలవడానికి దగ్గరగా ఉండే దృశ్యం అదే.

కంట్రోల్‌లు, లెక్కలు

ప్రతి పరీక్షలోనూ వీఈజీఎఫ్ ఇచ్చిన గుంటలు ఉండాలి. అవి స్పందించకపోతే మిగతా అంకెలను చూడవలసిన పని లేదు. గ్రామ్ నెగటివ్ బాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ అనే కొవ్వు-చక్కెర అణువు ఎండోథీలియల్ కణాలను రెచ్చగొట్టి ఐఎల్-8 అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేయిస్తుంది, ఐఎల్-8 కూడా నాళాలను పెంచగలదు. బార్టొనెల్లా హెన్సెలే ఎల్‌పీఎస్ ఈ విషయంలో ఈ.కోలై దానికన్నా ఎన్నో రెట్లు బలహీనమైనది. అయినా శుద్ధమైన ఈ.కోలై ఎల్‌పీఎస్‌తో ఒక గుంట పెట్టి పోల్చాలి. జీవించి ఉన్న ఈ.కోలైను కంట్రోల్‌గా వాడదామనుకుంటే అది అరగంటకోసారి రెట్టింపవుతూ ఒక్క రాత్రిలో మీడియంనంతా తినేస్తుంది, కాబట్టి దాన్ని చంపి వాడటమే మంచిది.

ఒకే తాడు నుంచి వచ్చిన కణాలతో నిండిన పన్నెండు గుంటలు గణాంకాల దృష్టిలో ఒకే నమూనా. కనీసం మూడు వేర్వేరు తాడుల కణాలతో, వేర్వేరు రోజుల్లో ప్రయోగం చేసి, దాతల సంఖ్యనే నమూనాల సంఖ్యగా రాయాలి. ఏ ఫొటో ఏ గుంటదో తెలియని మరొకరి చేత ఫొటోలను కొలిపించాలి.

నాలుగు పరీక్షలూ అయ్యాక, రోగుల్లో వైద్యులు చూసిన దాన్ని ప్లేటులోనూ చూడటానికి ప్రయత్నించండి. సోకిన కణాలకు 24 గంటల తర్వాత ఎరిత్రోమైసిన్ ఇచ్చి, లోపలి బాక్టీరియా తగ్గుదలను కాలనీలతో నిర్ధారించి, విభజన రేటు తిరిగి సోకని కణాల స్థాయికి దిగిందేమో కొలవాలి. డాక్సీసైక్లిన్‌ను ఈ పనికి ఎంచుకోవద్దు. అది కణాల చుట్టూ ఉన్న జాలకాన్ని తెంచే మెటాలోప్రోటినేజ్‌లను తానే నిరోధిస్తుంది కాబట్టి మొలకలు తగ్గితే బాక్టీరియా పోయినందుకా, మందు వల్లనా అన్నది తేలదు. ఎరిత్రోమైసిన్ మాత్రమే ఇచ్చి, బాక్టీరియా వేయని గుంటలు కూడా అదే ప్లేటులో ఉండాలి.